ఐబీఎస్: ఉల్లి, వెల్లుల్లి, కందిపప్పు మానేస్తే ఇంక తినేదేముంది?

కూకట్‌పల్లి కుర్రాడు
అందరికీ నమస్కారం. వయసు 31, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొన్నేళ్లుగా కడుపుతో వేగలేకపోతున్నాను. పొద్దున లేవగానే ఒకసారి, టిఫిన్ తిన్న వెంటనే ఇంకోసారి, షూ వేసుకుని తలుపు దాకా వచ్చాక మళ్లీ. ముందు కడుపులో మెలిపెడుతుంది, వెళ్లొస్తే కాస్త నెమ్మదిస్తుంది. సాయంత్రానికి పొట్ట ఉబ్బిపోయి బెల్టు వదులు చేసుకోవాల్సి వస్తుంది. రక్తపరీక్షలు, థైరాయిడ్, మలపరీక్ష, కొలనోస్కోపీ అన్నీ అయ్యాయి. అన్నీ నార్మల్. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పరీక్షల్లో ఏమీ కనబడకపోయినా పేగు ఇబ్బంది పెట్టే జబ్బు), అందులో విరేచనాల రకం అన్నారు.

అసలు సమస్య ఇప్పుడు మొదలైంది. ఒక డైట్ కాగితం చేతిలో పెట్టారు. తినదగినవి: క్వినోవా, జుకినీ, బ్లూబెర్రీ, బాదంపాలు. తినకూడనివి: ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, కందిపప్పు, శనగపప్పు, రాజ్మా, పాలు, మామిడి, పుచ్చకాయ, క్యాలీఫ్లవర్, పుట్టగొడుగులు. అది చూసి మా అమ్మ "మరి నీకేం వండిపెట్టను రా, గాలా?" అంది.

మన వంటతో ఈ డైట్ చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? జన్మంతా ఇలాగే తినాలా?

గుంటూరు గోపి
మన క్లబ్బులోకి స్వాగతం తమ్ముడూ. విజయవాడ హైవే మీద ఏ పెట్రోల్ బంకులో బాత్రూం శుభ్రంగా ఉంటుందో నన్నడుగు, నిద్రలో లేపినా చెప్తా. డైట్ సంగతి పెద్దవాళ్లు చెప్తారు.

మెల్‌బోర్న్ మధు
కుర్రాడు గారూ, మీకిచ్చిన కాగితం పుట్టిన ఊళ్లోనే ఉంటున్నాను. దాని పేరు లో ఫోడ్‌మ్యాప్ డైట్. ఇక్కడి మోనాష్ యూనివర్సిటీలో పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ 2005లో ఈ ఆలోచన బయటపెట్టారు. ఆస్ట్రేలియా వంటింటిని దృష్టిలో పెట్టుకుని చేసిన జాబితా కాబట్టే జుకినీ, బ్లూబెర్రీ అందులో ఉన్నాయి. వాటిలో మహత్తేమీ లేదు. మన బియ్యం కూడా ఆ జాబితాలో క్షేమమైనదే. జొన్న, కోడిగుడ్డు, చేప, చికెన్, మటన్, బంగాళదుంప, క్యారెట్, కీరదోస, నెయ్యి కూడా అంతే. వంకాయ, బెండకాయ మామూలు మోతాదులో తినొచ్చు. ఇది చూస్తే అమ్మగారి ప్రాణం సగం కుదుటపడుతుంది.

ఫోడ్‌మ్యాప్ అంటే కొన్ని రకాల చిన్న చక్కెరలు, చిన్న పిండిపదార్థాలు. చిన్నపేగులో సరిగా ఒంటబట్టవు. ఒంటబట్టనివి నీటిని లోపలికి లాగుతాయి, అక్కడి నుంచి పెద్దపేగులోకి వెళ్తే బాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. ఇది ప్రతి మనిషి కడుపులోనూ జరిగేదే. మా ఆవిడా నేనూ ఒకే సాంబారు తింటాం, గ్యాస్ ఇద్దరికీ వస్తుంది. తేడా ఏమిటంటే నా పేగుకు ఆ సాగుడు నొప్పిగా తెలుస్తుంది, తనకు తెలియదు.

ముఖ్యమైన మాట ఇది, మీ డాక్టర్ చెప్పారో లేదో: ఇది జన్మంతా తినే డైట్ కానే కాదు. ఇదొక పరీక్ష. మొదటి దశలో రెండు నుంచి ఆరు వారాలు అన్నీ తగ్గిస్తారు. తేలికపడితే రెండో దశలో ఒక్కొక్కటే తిరిగి తిని చూస్తారు. మూడో దశలో మీకు నిజంగా పడనివి మాత్రమే పక్కన పెట్టి మిగతావన్నీ హాయిగా తింటారు. ఆరు వారాలకీ ఏ తేడా లేకపోతే ఈ డైట్ మీకు కాదు, ఆపేయాలి. చాలామంది మొదటి దశలోనే ఏళ్లతరబడి ఉండిపోతారు, కష్టమంతా అక్కడే వస్తుంది.

తణుకు లక్ష్మి
తమ్ముడూ, మా వారికి ఇదే జబ్బు. ఆయన డైట్ చేశారు, నేను వండాను, అంటే అసలు డైట్ చేసింది నేనే అనుకో.

అమ్మతో చెప్పు, ఉల్లి వెల్లుల్లి లేని వంట మనకేం కొత్త కాదు. కార్తీకమాసం నెలంతా ఎంతమంది వండుకోవడం లేదు? పులిహోర, దద్దోజనం, కట్టుపొంగలి, నువ్వులపొడి వేసిన వంకాయ కూర, అల్లం పచ్చిమిర్చి వేసిన బెండకాయ వేపుడు, వీటిలో ఉల్లిపాయ ఎక్కడుంది? క్వినోవా కొనకు, దండగ.

వెల్లుల్లి వాసన కావాలంటే ఒక ఉపాయం ఉంది. బాణలిలో నూనె కొంచెం ఎక్కువే పోసి, సన్నని సెగ మీద నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కుండా నిలువుగా చీల్చి వెయ్యాలి. అంచులు బంగారు రంగుకు తిరుగుతుండగా ఒక్క ముక్క కూడా మిగలకుండా గరిటెతో తీసెయ్యాలి. ఆ నూనెలోనే ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు. చారుకు ఆ పోపు పెడితే మా అత్తగారే కనిపెట్టలేకపోయారు. మెల్‌బోర్న్ తమ్ముడు చెప్పాలి ఇది ఎందుకు పనిచేస్తుందో, నాకు రుచి వరకే తెలుసు.

ఉల్లికి బదులు ఇంగువ, ఉల్లికాడల్లో ఆకుపచ్చ భాగం. కింద తెల్లగా ఉండే గడ్డ భాగం వద్దు.

మెల్‌బోర్న్ మధు
లక్ష్మి గారూ, వెల్లుల్లిలో ఇబ్బంది పెట్టేవి ఫ్రక్టాన్లు అనే ఒక రకం ఫోడ్‌మ్యాప్‌లు. అవి నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. నూనెలోకి వాసన దిగుతుంది, ఫ్రక్టాన్లు ముక్కలోనే ఉండిపోతాయి. ఇదే కారణంగా సాంబారులో పెద్ద ఉల్లిపాయ వేసి ఉడికించి తర్వాత తీసేస్తే లాభం లేదు. అప్పటికే అన్నీ పులుసులోకి దిగిపోతాయి. "ముక్కలు ఏరి పక్కన పెట్టి తిన్నాను, అయినా పట్టేసింది" అని చాలామంది అనడం విన్నాను, సంగతి ఇదే.

ఒక జాగ్రత్త: ఆ నూనె ఏ పూటకాపూట చేసుకోండి. ఇంట్లో చేసిన వెల్లుల్లి నూనెను బయట నిల్వ ఉంచితే బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే విషం తయారయ్యే అవకాశం ఉంది.

ప్రకృతి ప్రసాద్
ఇంగ్లీషు డైట్లన్నీ వ్యాపారం. పొద్దున్నే పరగడుపున నిమ్మరసం తేనె, తర్వాత నానబెట్టిన పచ్చి శనగలు, మధ్యాహ్నం పచ్చికూరల సలాడ్, రాత్రికి పండ్లు మాత్రమే. మండలం రోజులు చేయండి, పేగులు కడిగినట్టు అవుతాయి. గోధుమ, పాలు, ఉప్పు, చక్కెర, నూనె పూర్తిగా మానేయాలి.

గుంటూరు గోపి
ప్రసాద్ గారూ, పచ్చి శనగలు తింటే నా పేగులు కడిగినట్టు కాదు, ఉతికి ఆరేసినట్టు అవుతాయి.

బెజవాడ డైటీషియన్
ఒక ఆసుపత్రిలో క్లినికల్ డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ప్రసాద్ గారూ, మీకు అది పడితే సంతోషమే. కానీ విరేచనాల రకం ఐబీఎస్ ఉన్న మనిషికి తేనె, పచ్చి శనగలు, రాత్రి పూట కడుపునిండా పండ్లు అన్నీ ఒకే రోజు పెడితే ఫోడ్‌మ్యాప్‌లు తగ్గడం కాదు, పెరుగుతాయి. తేనెలో ఫ్రక్టోజ్ ఎక్కువ. శనగల్లో గెలాక్టో ఆలిగోశాకరైడ్లు అనేవి ఉంటాయి, వాటిని విడగొట్టే ఎంజైమ్ మనిషి పేగులో ఎవరికీ లేదు. మామిడి, యాపిల్, పుచ్చకాయలదీ ఇదే వరస. పండు కావాలంటే బొప్పాయి, కమలా, జామ, అదీ ఒకసారికి ఒక చిన్న కప్పు. అరటిపండు మచ్చలు పడి బాగా మగ్గాక ఫ్రక్టాన్లు పెరుగుతాయి, కాస్త గట్టిగా ఉన్నప్పుడే మేలు.

ఇక కుర్రాడు గారికి. ఫోడ్‌మ్యాప్ కంటే ముందు చేయాల్సిన మామూలు పనులు కొన్ని ఉంటాయి, అవి వదిలేసి నేరుగా దీనిలోకి దూకుతారు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2008లోనే చెప్పింది: వేళకు తినడం, పూట మానకపోవడం, నిదానంగా నమలడం, టీ కాఫీలు రోజుకు మూడు కప్పులు దాటకపోవడం, కూల్‌డ్రింకులు, మద్యం తగ్గించడం. మీరు పొద్దున్న ఏమీ తినకుండా రెండు కాఫీలు తాగి, మధ్యాహ్నం మూడింటికి బిర్యానీ తినే రకమైతే ముందు దాన్ని సరిచేయండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొంతమందికి ఈ మాత్రంతోనే సగం తగ్గుతుంది. కారం ఫోడ్‌మ్యాప్ కాదు, అయినా మిరపలోని క్యాప్సైసిన్ పేగులోని నొప్పి నరాలను నేరుగా రేపుతుంది. నూనె ఎక్కువైతే పేగు కదలిక పెరుగుతుంది.

ఇంకొకటి. గోధుమ మానే ముందు సీలియాక్ జబ్బుకు (గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) టీటీజీ రక్తపరీక్ష చేయించారా? చేయించకపోతే చపాతీలు తింటూ ఉండగానే చేయించండి. గోధుమ మానేశాక చేస్తే జబ్బు ఉన్నా పరీక్షలో కనబడకపోవచ్చు.

కూకట్‌పల్లి కుర్రాడు
టీటీజీ చేశారు మేడమ్, నెగెటివ్. పొద్దున్న ఏమీ తినకుండా రెండు కాఫీలు, మూడింటికి బిర్యానీ... మీరు మా ఆఫీసులో పనిచేస్తారా ఏంటి?

లక్ష్మి అక్కా, వెల్లుల్లి నూనె అమ్మకు చూపించాను. చారు పెట్టింది, మార్కులు వేసింది. కానీ పప్పు సంగతి? మా ఇంట్లో ముద్దపప్పు లేని రోజు లేదు.

తణుకు లక్ష్మి
పప్పు మొత్తం మానక్కర్లేదు. మా ఇంట్లో కందిపప్పు పక్కనపెట్టి పొట్టు తీసిన పెసరపప్పు వాడాను, అదీ రెండు మూడు గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి. ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చేసి, మిగిలినదాంట్లో దోసకాయో పాలకూరో వేసి నెయ్యి ఇంగువ పోపు. ఆయనకు ఒక గరిటె, అంతే. రెండో గరిటె అడిగితే పెట్టను.

ఒకటి గమనించాను. పప్పు తిన్న రోజు కంటే కట్టుచారు తాగిన రోజు ఆయనకు ఎక్కువ ఇబ్బంది అయ్యేది. పప్పే లేదు కదా, వట్టి నీళ్లే కదా అనుకునేదాన్ని.

బెజవాడ డైటీషియన్
లక్ష్మి గారూ, మీరు పట్టుకున్నది సరైనదే. పప్పులో ఇబ్బంది పెట్టే చక్కెరలు నీళ్లలోకి దిగుతాయి. వార్చిన ఆ తేటే కట్టు. అందుకే నానబెట్టిన నీళ్లు, ఉడికిన నీళ్లు పారబోయమంటాం. కొన్ని విటమిన్లు పోతాయి, ఈ కొద్ది వారాలకు పరవాలేదు.

ఇడ్లీ గురించి ఎవరూ అడగలేదు, నేనే చెప్తాను. మినప్పప్పు ఉంది కదా అని భయపడి మానేయకండి. బియ్యం పాళ్లు ఎక్కువ, పైగా రాత్రంతా పులియడంతో ఆ చక్కెరల్లో కొంత భాగాన్ని మనకంటే ముందే బాక్టీరియా తినేస్తుంది. చాలామందికి రెండు మూడు ఇడ్లీలు హాయిగా పడతాయి. చట్నీలో మాత్రం వేయించిన శనగపప్పు తగ్గించి కొబ్బరి కొద్దిగా, అల్లం, కొత్తిమీర వేసుకోండి. పెరుగు కూడా ఇంతే. పాలలోని లాక్టోజ్‌లో కొంత తోడుపెట్టాక లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. గ్లాసు పాలు పడనివాళ్లకు పల్చటి పుల్లమజ్జిగ పడటం మామూలే. మన దక్షిణాదిలో పెద్దయ్యాక లాక్టోజ్ అరగనివాళ్లు ఉత్తరాది కంటే ఎక్కువ.

డల్లాస్ శిరీష
అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక మాట. ఇక్కడ ప్యాకెట్ మీద వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి వెతకండి. చిప్స్, సూప్, మసాలా చికెన్ అన్నిట్లో ఉంటాయి. ఫైబర్ ఎక్కువ అని అమ్మే ప్రొటీన్ బార్లలో చికోరీ వేరు అని కనబడితే అది ఇనులిన్, అంటే ఫ్రక్టానే. ఆఫీసులో ఆరోగ్యం అనుకుని రోజూ అదే తినేదాన్ని. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లో సార్బిటాల్, మానిటాల్ ఉంటాయి, అవి ఎక్కువైతే విరేచనాలు పట్టుకోవడం ఖాయం. డయాబెటిస్ స్వీట్లలో మాల్టిటాల్ కూడా అదే బాపతు. ఇండియాలో మా అత్తమ్మకు షుగర్‌ఫ్రీ మిఠాయి డబ్బా పంపినవాళ్లు ఆవిడ మేలు కోరే పంపారు, పాపం.

ఇంగువ గురించి కూడా. డబ్బా ఇంగువలో మైదా గానీ బియ్యప్పిండి గానీ కలుపుతారు. చిటికెడుతో ఐబీఎస్ వాళ్లకు నష్టమేమీ ఉండదు. సీలియాక్ ఉన్నవాళ్లు మాత్రం మైదా లేనిదే వెతుక్కోవాలి.

కరీంనగర్ రవి
నాది రివర్స్ కేసు అన్నా. మోషన్ మూడు రోజులకోసారి, అదీ మేకపెంటికల్లా. అందరూ ఫైబర్ తిను, గోధుమ తవుడు తిను అంటారు. తవుడు బిస్కెట్లు తింటే పొట్ట ఇంకా రాయిలా అయితుంది. ఏం చేయాలె?

బెజవాడ డైటీషియన్
రవి గారూ, ఫైబర్‌లో రెండు రకాలు. తవుడులో ఉన్నది నీళ్లలో కరగనిది, ఐబీఎస్‌లో అది చాలామందికి ఉబ్బరం, నొప్పి పెంచుతుంది. ఇసబ్గోల్ పొట్టు కరిగే రకం, జిగురుగా మారి నీళ్లు పట్టుకుంటుంది, పెద్దగా గ్యాస్ చేయదు. అరచెంచాతో మొదలుపెట్టి వారానికి కొంచెం పెంచండి. గ్లాసు నిండా నీళ్లతోనే తాగాలి, మింగిన వెంటనే ఇంకో అరగ్లాసు. తక్కువ నీళ్లతో మింగితే గొంతులోనో పేగులోనో అడ్డుపడుతుంది. విచిత్రం ఏమిటంటే విరేచనాల రకం వాళ్లకు కూడా ఇది పనికొస్తుంది, పల్చటి మలాన్ని గట్టిపరుస్తుంది. బీపీకో షుగరుకో థైరాయిడ్‌కో మాత్రలు వేసుకునేవాళ్లు వాటికీ దీనికీ మధ్య రెండు గంటలు ఎడం ఇవ్వండి.

పెన్షనర్ 62
అయ్యా, నాకు 62 ఏళ్లు. గత వేసవి నుంచి విరేచనాలు మొదలైనవి. అప్పుడప్పుడు కొంచెం రక్తం పడుతున్నది, మొలలు అనుకుంటున్నాను. బరువు కూడా తగ్గాను. ఇది ఐబీఎస్ అని మా బావమరిది అన్నాడు. నేను కూడా ఈ ఫోడ్‌మ్యాప్ మొదలుపెట్టవచ్చునా?

నరసరావుపేట డాక్టరు
మాస్టారూ, వద్దు. మీరు డైట్ మొదలుపెట్టవద్దు, ఈ వారమే దగ్గర్లోని గ్యాస్ట్రో డాక్టర్‌ను కలవండి. ఈ వయసులో కొత్తగా మొదలవడం, రక్తం పడటం, బరువు తగ్గడం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా ముందు పరీక్షలు కావాలి. మొలలే కావచ్చు, కాకపోనూవచ్చు. చూడకుండా ఎవరూ చెప్పలేరు, మీ బావమరిది కూడా.

మిగతావాళ్లు కూడా చూసుకోండి: నిద్రలోంచి లేపే విరేచనాలు, జ్వరం, రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండటం. ఇవి ఐబీఎస్ లక్షణాలు కావు. మన దగ్గర పేగు టీబీ కూడా ఐబీఎస్‌లా మొదలవుతుంది. కాల్‌ప్రొటెక్టిన్ అనే మలపరీక్ష పేగులో వాపు ఉందో లేదో చెప్తుంది, ఐబీఎస్‌లో అది సాధారణంగా మామూలుగానే ఉంటుంది.

రెండో మాట. కడుపునొప్పీ విరేచనాలూ అనగానే "అమీబియాసిస్" అని మెట్రోనిడజోల్ కోర్సు మీద కోర్సు వాడేవాళ్లను చూస్తుంటాను. మలపరీక్షలో ఏమీ లేకుండానే వాడతారు. అది ఐబీఎస్‌కు మందు కాదు. బయట ల్యాబుల్లో వందల ఆహారాలకు ఐజీజీ టెస్టు అని వేలు గుంజుతున్నారు, దానికీ ఐబీఎస్‌కూ సంబంధం నిరూపణ కాలేదు. ఆ డబ్బుతో మంచి డైటీషియన్‌ను చూపించుకోండి.

నైట్ షిఫ్ట్ నాని
డాక్టర్ గారూ, టిఫిన్ తిన్న ఐదు నిమిషాలకే పరుగెత్తాల్సి వస్తుంది. తిన్నది తిన్నట్టే బయటికి వచ్చేస్తోందా? అలాగైతే ఒంటికి ఏం పడుతుంది? ఇంట్లోవాళ్లేమో అంతా నీ టెన్షనే అంటారు.

నరసరావుపేట డాక్టరు
ఇప్పుడు తిన్న ఇడ్లీ ఇప్పుడే రాదండీ. అది పెద్దపేగు చివరికి చేరడానికి సాధారణంగా ఒక రోజైనా పడుతుంది. కడుపులో తిండి పడగానే "ఖాళీ చెయ్" అని పెద్దపేగుకు కబురు వెళ్తుంది. ఇది పుట్టిన దగ్గర నుంచి అందరికీ ఉన్నదే, పసిపిల్లలు పాలు తాగగానే దొడ్డికి వెళ్లడం చూస్తాం కదా. ఐబీఎస్‌లో ఆ కబురు గట్టిగా వెళ్తుంది. కొవ్వు ఎక్కువున్న తిండి, కాఫీ, ఒక్కసారిగా కడుపునిండా తినడం దాన్ని పెంచుతాయి. కాబట్టి బస్సెక్కే ముందు నెయ్యి దోసె, ఫిల్టర్ కాఫీ కాకుండా రెండు ఇడ్లీలు తిని, గంట ముందే లేవండి.

టెన్షన్ విషయం. మీరు ఊహించుకుంటున్నారని కాదు. పేగుకూ మెదడుకూ మధ్య నరాల దారి రెండు వైపులా నడుస్తుంది. కడుపు బాగోకపోతే టెన్షన్, టెన్షన్ వల్ల కడుపు. డైట్ సరిపోనివాళ్లకు అమిట్రిప్టిలిన్ అనే పాత మందును డిప్రెషన్‌కు వాడే మోతాదులో చిన్న భాగం ఇస్తాం. 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ పరిశోధనలో అది ఐబీఎస్ లక్షణాలను తగ్గించింది. "పిచ్చి మందు ఇచ్చారు" అని చింపేసిన చీటీలు నా దగ్గరికి వచ్చాయి, అందుకే చెప్తున్నాను. సొంతంగా మాత్రం కొని వేసుకోకండి.

పెన్షనర్ 62
మా అబ్బాయి అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. బుధవారం వెళ్తున్నాము. ధన్యవాదములు.

మోడరేటర్
పెన్షనర్ గారూ, వెళ్లొచ్చాక ఒక మాట రాయండి. ప్రసాద్ గారి తర్వాతి మెసేజ్‌లో ఒక చూర్ణం అమ్మే ఫోన్ నంబర్ ఉన్నందున తీసేశాం. అభిప్రాయాలు రాసుకోండి, అమ్మకాలు వద్దు.

కూకట్‌పల్లి కుర్రాడు
చాలా రోజులకు వచ్చాను, రిపోర్ట్ ఇవ్వాలి కదా.

మొదటి దశ అయిపోయింది. రెండో వారానికే పొట్ట ఉబ్బరం తగ్గింది. నొప్పి పూర్తిగా పోలేదు కానీ షూ వేసుకున్నాక వెనక్కి తిరగడం ఆగింది. ఇప్పుడు ఒక్కొక్కటి తిరిగి తిని చూస్తున్నాను. పద్ధతి ఇది: మిగతా తిండి అంతా అలాగే ఉంచి, ఒకే వస్తువు మూడు రోజులు కొంచెం కొంచెం పెంచుతూ తినాలి, తర్వాత కొన్ని రోజులు మళ్లీ మామూలు డైట్. ఫోన్‌లో నోట్స్ రాసుకున్నాను.

పాలు: అరగ్లాసు, ముప్పావు, గ్లాసు. ఏమీ కాలేదు! ఇన్నాళ్లూ పాలనే తిట్టుకున్నాను.
చపాతీ: ఒకటి, రెండు బాగానే ఉన్నాయి. మూడో రోజు మూడు తింటే సాయంత్రం గుడగుడలు.
వెల్లుల్లి: ఒక రెబ్బ వరకు సరే.
ఉల్లిపాయ: మొదటి రోజే, పెరుగుపచ్చడిలో పచ్చి ఉల్లి రెండు చెంచాలు. రాత్రి నిద్ర లేదు. అక్కడితో ఆపేశాను, మూడు రోజులు లాగలేదు.
కందిపప్పు: ఒక గరిటె ముద్దపప్పు పరవాలేదు. పప్పు, సాంబారు రెండూ ఒకే పూట అయితే కష్టం.
మామిడి: ఇంకా ధైర్యం చాల్లేదు. బంగినపల్లి వచ్చేదాకా వాయిదా.

మెల్‌బోర్న్ మధు
చాలా బాగా చేశారు. పప్పు, సాంబారు కలిస్తే కష్టం అన్నారు చూశారా, దాన్నే పేరుకుపోవడం అంటారు. విడివిడిగా క్షేమమైన మోతాదులు ఒకే పూట చేరితే హద్దు దాటుతుంది. మోనాష్ వాళ్ల ఫోన్ యాప్‌లో క్షేమం అనే ఆకుపచ్చ గుర్తు చూసి ఐదు ఆకుపచ్చలు కలిపి తిని, యాప్ అబద్ధం అనేవాళ్లు ఉన్నారు.

మీ చపాతీ ఫలితం చూసి ఒక పరిశోధన గుర్తొచ్చింది. 2018లో ఓస్లోలో, గ్లూటెన్ పడదని తమంతట తామే నమ్మి మానేసిన 59 మందికి, ఏ బారులో ఏముందో చెప్పకుండా, గ్లూటెన్ ఉన్న బార్లు, ఫ్రక్టాన్ ఉన్న బార్లు, ఏదీ లేని బార్లు వారం చొప్పున ఇచ్చారు. ఎక్కువ బాధపెట్టింది ఫ్రక్టాన్. సీలియాక్ లేనివాళ్లు ఖరీదైన గ్లూటెన్‌ఫ్రీ పిండి కొనే ముందు దీన్ని ఆలోచించాలి. మీకు రెండు చపాతీలు పడుతున్నాయంటే ఇంక గొడవే లేదు.

భీమవరం భాను
నేను ఈ డైట్ ఏడాది నుంచి చేస్తున్నా. అన్నం, గుడ్డు, క్యారెట్, పెరుగు తప్ప ఏదీ ముట్టను. ఏదైనా కొత్తది తినాలంటే గుండె దడ. పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. నొప్పి తక్కువే కానీ నీరసం. ఇలా కొనసాగించవచ్చా?

బెజవాడ డైటీషియన్
భాను గారూ, వద్దండీ. మొదటి దశను ఇంతకాలం లాగితే పేగులో మేలు చేసే బైఫిడో బాక్టీరియా తగ్గుతుందని పరిశోధనల్లో కనబడింది. ఈ ఫోడ్‌మ్యాప్‌లే వాటికి తిండి. కాల్షియం, ఐరన్, ఫైబర్ కూడా లోటు పడతాయి. నీరసానికి హిమోగ్లోబిన్, బీ12, విటమిన్ డీ చూపించుకోండి. తిండి అంటేనే దడ పుడుతుంటే ఆ సంగతి కూడా డాక్టర్‌తో దాచకుండా చెప్పండి, దానికీ చికిత్స ఉంది.

తిరిగి తినడం మొదలుపెట్టేటప్పుడు మీకు అన్నిటికంటే ఇష్టమైనదాంతో మొదలుపెట్టండి. సెలవు రోజున, ఇంట్లో ఉన్నప్పుడు, చాలా తక్కువగా. పడకపోతే ఒక రోజు కడుపు నొప్పి వస్తుంది, తగ్గిపోతుంది. ఐబీఎస్‌లో పేగు దెబ్బతినదు, అది క్యాన్సర్‌గా మారదు.

భీమవరం భాను
ఇష్టమైనది అంటే రొయ్యల వేపుడు మేడమ్. అందులో ఉల్లి, అల్లంవెల్లుల్లి ముద్ద దండిగా పడతాయి.

తణుకు లక్ష్మి
రొయ్యలకు ఏ దోషమూ లేదమ్మా, వాటి పక్కన చేరినవాటికే. నేను చేసేది చెప్తాను. రొయ్యలు పసుపు, ఉప్పు వేసి నీరు ఇగిరేదాకా ఉడికించి పక్కన పెట్టు. వెల్లుల్లి నూనె చేసి ముక్కలు తీసెయ్. అందులో కరివేపాకు, తురిమిన అల్లం, రొయ్యలు వేసి సన్నసెగన వేయించి, చివర్లో ధనియాలపొడి, మిరియాలపొడి, కారం సగం చెంచా, ఉల్లికాడల ఆకులు. ఉల్లి లేని లోటు ఉల్లికాడలు తీర్చేస్తాయి. అన్నంలో కలుపుకో, పక్కన మజ్జిగ పెట్టుకో. తిన్నాక ఎలా ఉందో ఇక్కడ రాయి.

పెన్షనర్ 62
కొలనోస్కోపీ అయినది. రెండు పాలిప్‌లు (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండలు) ఉంటే తీసి పరీక్షకు పంపినారు. మొలలు కూడా ఉన్నవట. రిపోర్టు వచ్చేదాకా ఏ డైటూ వద్దన్నారు. మా బావమరిదికి చెప్పాను.

నరసరావుపేట డాక్టరు
సమయానికి వెళ్లారు మాస్టారూ. రిపోర్టు వచ్చాక మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో రాతపూర్వకంగా తీసుకోండి.

కూకట్‌పల్లి కుర్రాడు
లక్ష్మి అక్కా, అమ్మ అడగమంది. శ్రావణమాసం వస్తోంది. మా వీధిలో ప్రతి ఇంటి నుంచీ వాయనం శనగలు వచ్చి పడతాయి. ఏ రోజూ పారేయదు, అన్నీ తాలింపు వేసి నాకే పెడుతుంది. మహాప్రసాదం, వద్దనకూడదు అంటుంది.

తణుకు లక్ష్మి
వద్దనక్కర్లేదు. కళ్లకద్దుకుని నాలుగు గింజలు నోట్లో వేసుకో, ప్రసాదం కొలతలో తింటే ఏమీ కాదు. మిగతాది డబ్బాలో పెట్టి ఆఫీసుకు పట్టుకెళ్లు. మీ టీములో శనగలు అరిగేవాళ్లు ఒక్కరైనా ఉండరా?